సిస్టమ్‌ది తప్పు కాదట!



పోయిన ఆదివారం ఈ సిరీస్‌లో ఏమీ రాయలేదు. ఒంట్లో బాగాలేదా అక్కా అని కొందరు అడిగారు. ఒంట్లో బాగానే ఉంది. నా నోటి నుంచే వచ్చిన ఒక మాట పది రోజులుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఆ మాట గురించి రాయాలంటే ముందు మీకొక టీవీ సీరియల్ కథ చెప్పాలి. మనది కాదు, ఇంగ్లండ్ వాళ్ళది. సైన్స్ ఫిక్షన్. తెలుగు లెక్చరర్‌కి గ్రహాలతో పనేంటి అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. చివరికి మన కాలేజీ వరండాలోకే వస్తాం.

2018 నవంబర్. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ, అమ్మాయిల హాస్టల్. నేను పీహెచ్‌డీ మూడో ఏడు. నాలుగు నెలలుగా ఫెలోషిప్ పడలేదు. మా గదిలో పనిచేసే లాప్‌టాప్ ఒక్కటే, అది ఫిజిక్స్ చదివే మా రూమ్మేట్‌ది. శ్రీకాకుళం పిల్ల. సోమవారం రాత్రి మెస్‌లో తినేసి ఐదుగురం దాని ముందు చేరేవాళ్ళం. ఆదివారం ఇంగ్లండ్‌లో వచ్చిన ఎపిసోడ్ సోమవారానికి పెన్‌డ్రైవ్‌లో మా గదికి చేరేది. ఎలా చేరేదో అడగకండి.

ఆ సీరియల్ పేరు డాక్టర్ హూ. చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1963 నవంబర్ 23న బీబీసీలో మొదలైంది. 1989లో ఆగిపోయి 2005లో మళ్ళీ లేచింది. అందులో ముఖ్య పాత్రకి పేరుండదు, డాక్టర్ అంటారు అంతే. వేరే గ్రహం మనిషి. రెండు గుండెలు. బయటికి నీలం రంగు పోలీసు డబ్బాలా, లోపల పెద్ద ఓడలా ఉండే యంత్రంలో కాలంలో ముందుకీ వెనక్కీ తిరుగుతుంటాడు. తుపాకీ పట్టడు. తెలివితో, మాటతో గెలుస్తాడు. చావు దగ్గరికొస్తే ఒళ్ళు మార్చుకుంటాడు, అప్పుడు ఆ వేషంలోకి కొత్త నటుడు వస్తాడు. 2018 అక్టోబర్ 7న మొదలైన సీజన్‌లో ఆ వేషం మొదటిసారి ఒక ఆడమనిషికి వచ్చింది. జోడీ విట్టేకర్. ఆమె వెంట తిరిగేవాళ్ళు ముగ్గురూ షెఫీల్డ్ ఊరివాళ్ళు. ర్యాన్ నల్లజాతి కుర్రాడు, గోడౌన్‌లో పని. యాజ్ పాకిస్తానీ మూలాలున్న ఇంటి పిల్ల, పోలీసు ఉద్యోగంలో కొత్తగా చేరింది. గ్రాహమ్ రిటైరైన బస్ డ్రైవర్.

మేం ఎందుకంత పిచ్చిగా చూసేవాళ్ళం? అప్పటికి రోహిత్ వేముల పోయి మూడేళ్ళు కూడా కాలేదు. కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్న మనిషి. 2016 జనవరి 17 తర్వాత మా హాస్టల్ గదుల్లో ఎవరైనా నక్షత్రాల ఊసెత్తితే అందరికీ గుర్తొచ్చే మొహం అతనిదే. మా రూమ్మేట్ గోడకి ఒక గెలాక్సీ బొమ్మ అంటించుకుంది, దాని కింద రోహిత్ ఫొటో. ఆకాశం కూడా మనదే అనిపించే చోటు ఎక్కడ దొరికినా అక్కడికి వెళ్ళి కూర్చునే రోజులవి.

ఆ సీజన్ కూడా మాకోసమే వచ్చినట్టుండేది. మూడో ఎపిసోడ్, అక్టోబర్ 21న వచ్చింది, రోజా పార్క్స్ మీద. 1955, మాంట్‌గోమరీ. ఆమె సీటు వదలనని కూర్చునే ఆ రోజు అసలు జరగకుండా చేయాలని భవిష్యత్తు నుంచి ఒకడు వస్తాడు. దాన్ని జరగనివ్వాలంటే డాక్టర్ బృందం ఆ బస్సులోనే ఉండాలి. తెల్లవాళ్ళ సీట్లు నిండాలి కాబట్టి, ఆమెను లేవమనే పరిస్థితికి తామే కారణమై కూర్చోవాలి. గ్రాహమ్ దిగిపోతానంటాడు, దిగనివ్వరు. ఆ సీను చూసి మా గదిలో ఇద్దరు ఏడ్చారు. ఆరో ఎపిసోడ్ నవంబర్ 11న. 1947 ఆగస్టు, పంజాబ్, దేశ విభజన. యాజ్ వాళ్ళ అమ్మమ్మ మొదటి పెళ్ళి కథ. వరుడు హిందువు, వధువు ముస్లిం. చంపడానికి వచ్చేవాళ్ళ పక్కన నిలబడింది వరుడి సొంత తమ్ముడే. ఇంగ్లండ్ సీరియల్‌లో మన నేల నెత్తురు గురించి అంత మర్యాదగా మాట్లాడితే మాకు గర్వంగా కూడా అనిపించింది.

సరిగ్గా వారం తర్వాత, నవంబర్ 18న, కెర్‌బ్లామ్ వచ్చింది.

కెర్‌బ్లామ్ అంటే కథలో ఒక కంపెనీ పేరు. గెలాక్సీలోకెల్లా పెద్ద అమ్మకందారు. ఏదడిగినా పార్సిల్‌లో వస్తుంది. అమెజాన్‌ను చూసి అల్లిన కథ అని చూసిన ప్రతి ఒక్కరికీ తెలుస్తుంది. డాక్టర్‌కి ఒక పార్సిల్ వస్తుంది, అందులో చీటీ వెనకాల సాయం చేయండి అని రాసి ఉంటుంది. నలుగురూ కూలీలుగా చేరతారు. లోపల అంతా రోబోలే. చట్టం ఉంది కాబట్టి పదిమందిలో ఒకరు మనిషి. మనుషులకి కాలికి పట్టీ. మాట్లాడుతూ చేయి ఆపితే రోబో వచ్చి పని గుర్తు చేస్తుంది. డాన్ అని ఒకాయన కూతురి చదువు కోసం ఇంటికి దూరంగా ఉండి చేస్తుంటాడు. కీరా అని ఒక అమ్మాయి. జన్మలో తనకి వచ్చిన బహుమతి ఒక్కటే అని నవ్వుతూ చెప్తుంది. అరగంట దాకా మాకు ఊపిరాడలేదు. ర్యాన్ తన గోడౌన్ సంగతులు చెప్తుంటే మా చిన్న జూనియర్, వాళ్ళన్న మేడ్చల్ దగ్గర అలాంటి గోడౌన్‌లోనే చేస్తాడు, "అక్కా గిది మా అన్న కథే" అంది.

తర్వాత కథ తిరిగింది. మనుషులు మాయమవుతున్నది కంపెనీ వల్ల కాదట. చార్లీ అనే ఊడ్చే కుర్రాడు చేస్తున్నాడట. మనుషులకి పని లేకుండా చేసే యంత్రాల మీద జనానికి కోపం రావాలని పార్సిళ్ళలో ప్యాక్ చేసే బుడగల కవర్లలో బాంబులు పెట్టాడు. వేలమంది కస్టమర్లను చంపి నింద రోబోల మీద వేయాలని అతని పథకం. సాయం అడిగింది ఎవరంటే కంపెనీ కంప్యూటర్. దాని పేరే సిస్టమ్. చార్లీకి బాధ తెలిసిరావాలని ఆ సిస్టమ్ ఏం చేస్తుందంటే, అతను ఇష్టపడే కీరాను ఎత్తుకుపోయి, ఒక గదిలో పెట్టి, బాంబున్న పార్సిల్ చేతికిస్తుంది. జీవితంలో రెండో బహుమతి. ఆ పిల్ల సంతోషంగా విప్పి, బుడగ నొక్కి చచ్చిపోతుంది.

ఇదంతా చూసిన డాక్టర్ చార్లీతో చెప్పే మాట సారాంశం ఇది: సమస్య సిస్టమ్‌లది కాదు, వాటిని వాడుకునే మనుషులది, నీలాంటివాళ్ళది. చివరికి చార్లీ పేలిపోతాడు. కంపెనీ ఒక నెల మూస్తారు, కూలీలకి రెండు వారాల జీతం ఇస్తారు, ఇకనుంచి మనుషుల్ని ఎక్కువ పెట్టుకుంటామని మేనేజర్లు మాటిస్తారు. డాక్టర్ నవ్వుతూ తన పెట్టె ఎక్కుతుంది. కీరాను చంపిన సిస్టమ్‌ను ఎవరూ ఒక్క మాట అనరు.

లాప్‌టాప్ మూశాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా రూమ్మేట్ నవ్వింది, మంచి నవ్వు కాదు. "అక్కా, డాక్టర్ కూడా హెచ్‌ఓడీ అయిపోయింది."

ఇంగ్లిష్ లిటరేచర్ చదివే సీనియర్ అక్క ఒకామె ఉండేది. ఆమె వాదించింది. ఒక్క ఎపిసోడ్‌కి ఇంత రచ్చా, మిస్టరీ బాగుంది, మలుపు ఊహించలేదు, విలన్ ఎప్పుడూ కంపెనీయే అయితే కొత్తేముంది అని. నిజానికి అది వచ్చిన రోజుల్లో మెచ్చుకున్నవాళ్ళు తక్కువేం కాదు. హుషారుగా సాగింది, రోబోలు భయపెట్టాయి, నవ్వించాయి అన్నారు. మిగతా అభిమానుల కోపం మాత్రం తగ్గకుండా, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా పదునెక్కింది. ఇప్పటికీ కెర్‌బ్లామ్ పేరెత్తితే ఆ ఒక్క మాట దగ్గరే గొడవ మొదలవుతుంది.

వాళ్ళ కోపం ఎందుకో అర్థం కావాలంటే ఆ సీరియల్ పాత లెక్క తెలియాలి. 1973లో ద గ్రీన్ డెత్ అని వచ్చింది. వేల్స్‌లో బొగ్గుగని మూతబడ్డ ఊరు, అక్కడికి వచ్చిన కెమికల్ కంపెనీ, అది పాత గనిలోకి వదిలే విషం. దాన్ని నడిపేది కూడా ఒక కంప్యూటరే. డాక్టర్ ఊరివాళ్ళ పక్కన నిలబడ్డాడు. 1977లో ద సన్ మేకర్స్. ప్లూటో మీద జనాన్ని పన్నులతో పీల్చే కంపెనీ. కూలీలు తిరగబడ్డారు, డాక్టర్ వాళ్ళతో కలిశాడు. 2017 మే 13న ఆక్సిజన్. అంతరిక్షంలో కూలీలు పీల్చే గాలిని కూడా కంపెనీ అమ్ముతుంది. లాభం రావడం లేదనుకోగానే వాళ్ళు వేసుకున్న సూట్లతోనే వాళ్ళను చంపిస్తుంది. డాక్టర్ ఏమీ దాచకుండా లాభాల లెక్కనే వేలెత్తి చూపించాడు. ఏడాదిన్నర తిరిగేసరికి అదే డాక్టర్, ఇప్పుడు మన రూపంలో, ఆడమనిషిగా వచ్చి, సిస్టమ్‌ది తప్పు కాదు అంది.

అభిమానులు దీన్ని ద్రోహంలా తీసుకున్నారు. కొందరు లెక్కలు తీశారు: నెల మూసి రెండు వారాల జీతమిస్తే మిగతా రెండు వారాలు కూలీ ఏం తింటాడు? కొందరు కీరా గురించి అడిగారు: ఒక మగాడికి బుద్ధి చెప్పడానికి ఏ పాపం ఎరగని ఆడపిల్లను చంపితే డాక్టర్ నోరెందుకు లేవలేదు? ఇంకొందరు అన్నారు: ఆ కంపెనీ మీద కోపమున్న ఏకైక కూలీని హంతకుణ్ణి చేశారు, మరి కోపం రావాల్సిన మిగతావాళ్ళ సంగతేంటి? యూనియన్ అన్న మాటే ఎందుకు వినబడలేదు?

ఇంకో రకం అభిమానులూ ఉన్నారు. రోజా పార్క్స్ ఎపిసోడ్ వచ్చినప్పుడు మా సీరియల్‌లోకి రాజకీయం తెచ్చారని ఏడ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామందికి కెర్‌బ్లామ్‌లో రాజకీయం కనబడలేదు. హాయిగా ఉందన్నారు. మిత్రులారా, ఇది మనం మన క్లాసుల్లో, మన సెమినార్లలో రోజూ చూసేదే. అంబేడ్కర్ ఫొటో పెడితే రాజకీయం. సరస్వతి పూజ చేస్తే సంస్కృతి.

ఆ రాత్రి సీనియర్ అక్క ఇంకో మాట కూడా అంది. పాత్రకు లేని నిజాయితీ నువ్వెందుకు ఆపాదిస్తావు, డాక్టర్ అంటూ ఎవరూ లేరు, రాసినాయన ఏం రాస్తే అదే డాక్టర్ అని. సాహిత్యం చదివినదాన్ని, నాకూ ఆ వాదం తెలుసు. కానీ నాకు మా తాత గుర్తొచ్చాడు.

మా ఊళ్ళో చిందోళ్ళు వచ్చి జాంబపురాణం ఆడేవాళ్ళు. మా మాదిగ వాడ మొత్తం రాత్రంతా మేలుకునేది. జాంబమునికి, బ్రాహ్మడికి వాదన నడుస్తుంది, ఎవరు ముందు, ఎవరు గొప్ప అని. కథ అందరికీ కంఠతా వచ్చు. నా చిన్నప్పుడు ఒకసారి కొత్త కుర్రాడు వేషం కట్టాడు. ఊరి పెద్దలు ముందు వరసలో కూర్చున్నారని భయపడ్డాడో ఏమో, బ్రాహ్మడి ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పాల్సిన చోట తల వంచి గొణిగి ముందుకు పోయాడు. మా తాత లేచి నిలబడ్డాడు. "జాంబముని గట్ల తల వంచడు బిడ్డా. మల్ల చెప్పు." ఆట ఆగిపోయింది. ఆ కుర్రాడు మళ్ళీ మొదటినుంచి చెప్పాడు, ఈసారి తల ఎత్తి.

అభిమానం అంటే నాకు తెలిసింది అదే. వేషం కట్టింది నువ్వు కావచ్చు, కథ మాది. మా పక్కన నిలబడతాడని మేం తరతరాలుగా నమ్మిన మనిషి తల వంచితే ఆట ఆపి మళ్ళీ చెప్పించే హక్కు చూసేవాళ్ళకుంది. ఇంగ్లండ్ అభిమానులకి ఆట ఆపే వీలు లేదు. ఎపిసోడ్ అయిపోయింది. అందుకే ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు.

సరే, ఎపిసోడ్ తరఫున ఒక న్యాయమైన వాదన ఉంది. దాన్ని దాటవేయను. డాక్టర్ సిస్టమ్ అన్నది ఆ కంప్యూటర్‌ని, సమాజాన్ని కాదు కదా అంటారు. యంత్రం చెడ్డది కాదు, వాడేవాడి చేతిలో ఉంటుంది, అంతే కదా ఆమె చెప్పింది అని. ఈ వాదన నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. ఎందుకంటే బాబాసాహెబ్ కూడా యంత్రాన్ని తప్పు పట్టలేదు. 1945లో అచ్చయిన పుస్తకంలో, అంటరానివారికి కాంగ్రెస్, గాంధీ ఏం చేశారో లెక్క తేల్చిన పుస్తకంలో, గాంధీయిజం మీద ఒక అధ్యాయం ఉంది. గాంధీ గారు యంత్రాలను వద్దన్నారు. బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. మనిషి పశువులా బతక్కుండా, చదువుకోడానికి, ఆలోచించడానికి తీరిక దొరకాలంటే యంత్రం కావాలన్నాడు. యంత్రం వల్ల వచ్చిందనుకునే చెడు నిజానికి తప్పుడు సామాజిక ఏర్పాటు వల్ల వచ్చింది, సొంత ఆస్తినీ సొంత లాభాన్నీ పవిత్రం చేసిన ఏర్పాటు వల్ల వచ్చింది, మార్చాల్సింది దాన్ని అన్నాడు.

చూడండి, రెండు వాక్యాలూ ఒకేలా మొదలవుతాయి. యంత్రానిది తప్పు కాదు. ఇక్కడిదాకా డాక్టర్, బాబాసాహెబ్ కలిసే నడుస్తారు. మరి తప్పెవరిది అన్న దగ్గర దారులు విడిపోతాయి. బాబాసాహెబ్ వేలు ఏర్పాటు వైపు చూపిస్తుంది. డాక్టర్ వేలు చీపురు పట్టుకున్న కుర్రాడి వైపు చూపిస్తుంది. కథలో కంప్యూటర్‌కి సిస్టమ్ అని పేరు పెట్టడంతో కంప్యూటర్ నిర్దోషి అని తేలగానే కంపెనీ కూడా నిర్దోషి అయిపోయింది. ఒక పేరు చాటున రెండోది దాక్కుంది.

ఈ దాక్కోవడం మనకి కొత్త కాదు. 1936లో లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్ళు పిలిచి, ప్రసంగం ముందే చదివి బెదిరి సభ రద్దు చేస్తే, బాబాసాహెబ్ తన ఖర్చుతో కులనిర్మూలన అచ్చేసుకున్నాడు. గాంధీ గారు హరిజన్ పత్రికలో జవాబిచ్చారు. కులం వేరు, వర్ణం వేరు, కులానికి మతంతో సంబంధం లేదు, మతాన్ని చెడ్డ నమూనాలతో కాకుండా మంచివాళ్ళను చూసి కొలవాలి అన్నది అందులోని వాదన. బాబాసాహెబ్ తిరుగు జవాబు సారం మనందరికీ తెలుసు. మంచి మనుషులు ఉన్నారా లేరా అన్నది ప్రశ్న కాదు. మనిషికీ మనిషికీ మధ్య సంబంధం ఏ పునాది మీద కట్టారన్నది ప్రశ్న. రోహిత్ విషయంలో కూడా వేసిన ఏకసభ్య కమిషన్ చివరికి తేల్చింది ఏంటి? వ్యక్తిగత కారణాలు. సిస్టమ్‌కి మచ్చ లేదు. ఎనభై ఏళ్ళ తేడాతో అదే మాట.

ఆ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మకి ఈ కథ చెప్పాను. మా అమ్మ మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేది. అంతా విని ఒక్కటే అడిగింది.

"గా మిషన్ ఆ పోరిని సంపె గదా, మరి మిషన్‌కేం శిక్ష పడ్డది?"

"ఏం పడలేదమ్మా."

"పిల్లగాడు మాత్రం సచ్చిండు."

"ఆ."

"గట్లనే ఉంటది."

తర్వాత తనే అంది. "మా దగ్గర ఊడ్చే మిషన్ వచ్చిననాడు నా నడుము సంబురపడ్డది. సగం మందిని బందు వెట్టిననాడు కడుపు మండింది. మిషన్ ఒక్కటే. రెండూ అదే చేసిందా?"

డాక్టరేట్ నాకిచ్చారు, ఆమెకివ్వలేదు.

అమ్మ ప్రశ్నకి జవాబు మన కళ్ళ ముందే ఉంది. 2013లో చేత్తో మలం ఎత్తే పనిని, రక్షణ లేకుండా డ్రైనేజీల్లోకి మనిషిని దింపడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2017లో హైదరాబాద్ జలమండలి మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే చిన్న జెట్టింగ్ మిషన్లను రోడ్డెక్కించింది. మంచిదే, వంద రెట్లు మంచిదే. మన మనిషి ఆ గుంతలో దిగకుండా ఆపే ఏ యంత్రానికైనా నేను దండ వేస్తాను. కానీ ఆ తర్వాత కూడా దేశంలో మ్యాన్‌హోళ్ళలో మనుషులు చస్తూనే ఉన్నారు, చచ్చేవాళ్ళ కులం మారలేదు. యంత్రం వచ్చినా, ఎవడు దిగాలన్న నిర్ణయం పాత చోటే ఉండిపోయింది.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

నేను ఇప్పుడు పనిచేసే కాలేజీలో బీఏ రెండో ఏడు చదివే తమ్ముడొకడు ఉన్నాడు. మన పిల్లాడే. క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాడు, నిద్రపోతాడు, అయినా ప్రశ్న అడిగితే జవాబు చెప్తాడు. మా దగ్గర హాజరు మొహం చూసి వేసుకునే మిషన్‌లో పడుతుంది. పొద్దున ఒక టైం దాటితే అది తీసుకోదు. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్ ఆగుతుంది. పది రోజుల కింద ఆ తమ్ముడు వరండాలో నన్ను ఆపి, "మేడమ్, ఐదు నిమిషాలు లేటైంది, మిషన్ తీసుకుంటలేదు, గిట్ల పదిసార్లు అయింది, మీరు జర చెప్పున్రి" అన్నాడు. నాకు తర్వాతి క్లాస్‌కి టైం అవుతోంది. నడుస్తూనే అన్నాను.

"సిస్టమ్‌ది తప్పేముందిరా? నువ్వు టైంకి రావాలె గదా."

"సరే మేడమ్" అని వెళ్ళిపోయాడు. వాడు ఒక్క మాట ఎదురు చెప్పినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. క్లాస్‌లోకి వెళ్ళి హాజరు పుస్తకం తెరిచాక చెవిలో నా గొంతే మోగింది. 2018లో ఆ గదిలో కూర్చుని ఎవరినైతే తిట్టానో ఆమె మాట, నా నోట, నా తెలంగాణ యాసలో.

మర్నాడు వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాను. పండగ సేల్ నడుస్తోంది కదా, ఊరి చివర పార్సిల్ గోడౌన్‌లో రాత్రి పని చేస్తున్నాడు. తెల్లారి ఆరింటికి షిఫ్ట్ దిగి, రెండు బస్సులు మారి కాలేజీకి వస్తాడు. ఒక బస్సు తప్పితే ఐదు నిమిషాలు. చేతిలో స్కానర్ ఉంటుందట, ఎన్ని పార్సిళ్ళు కొట్టాడో అదే లెక్క పెడుతుంది. ఎక్కువ టార్గెట్ ఎందుకిచ్చారని అడిగితే ఏమంటారురా అన్నాను.

"సూపర్‌వైజర్ గూడ మీలెక్కనే అంటడు మేడమ్. నేనేం జేస్త, సిస్టమ్ ఇస్తది అంటడు."

ఎగతాళి చేయలేదు. ఉన్నది చెప్పాడు. వాడికి నేను, సూపర్‌వైజర్ ఒకే వైపు నిలబడ్డవాళ్ళం. నా పేరు వెనక డాక్టర్ అని ఉంటుంది, నా ఉద్యోగం రోస్టర్‌లో మనవాళ్ళు కొట్లాడి తెచ్చిన సీటు, నా క్లాస్‌లో బాబాసాహెబ్ పాఠం ఉంటుంది. అయినా వాడు చూసింది మిషన్ పక్కన నిలబడి మిషన్ మాట చెప్పే మనిషిని. ఆ ఎపిసోడ్‌లో మాకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి కలిగించింది ఇదేనని ఇప్పుడు తెలిసింది. కుర్చీలోకి మన మనిషి వచ్చింది, కుర్చీ మాటే మాట్లాడింది.

"తమ్మీ, నిన్న నేనన్నది తప్పు" అన్నాను. వాడు సిగ్గుపడి "పోనియ్యున్రి మేడమ్" అన్నాడు.

పోనివ్వలేదు. ఆఫీసుకి వెళ్ళి అడిగాను, హాజరు మిషన్ కటాఫ్ టైం మార్చొచ్చా అని. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు మేడమ్ అన్నారు పైవాళ్ళు. కింద కంప్యూటర్ ముందు కూర్చునే క్లర్క్ అన్నని అడిగాను, ఆ టైం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడినుంచి వచ్చిందన్నా అని. ఆయన తెర నా వైపు తిప్పాడు. ఒక చిన్న గడి, అందులో 9:40 అని అంకె.

"మనమే వెట్టినం మేడమ్, రెండేండ్ల కింద. స్టాఫ్ మీటింగ్‌ల అనుకున్నరు గదా."

ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. టీ తాగుతూ తలూపాను. రిజిస్టర్‌లో నా సంతకం ఉంటుంది.

సిస్టమ్ అని మనం చేతులు దులుపుకునేది ఇలాగే తయారవుతుంది. ఏదో ఒక మధ్యాహ్నం కొందరు కూర్చుని ఒక అంకె పెడతారు. ఏడాది తిరిగేసరికి ఆ అంకెని ఎవరూ పెట్టలేదన్నట్టు, వానలా పైనుంచి పడ్డట్టు మాట్లాడతారు. దానికి తగలని పిల్లలకి అది కనబడదు. రెండు బస్సులు మారి వచ్చేవాడికి మాత్రం రోజూ మొహానికి తగులుతుంది.

రాత్రి పనులు చేసి చదువుకునే పిల్లలు మా కాలేజీలో ఎంతమంది ఉన్నారో ఇన్నాళ్ళూ నేను లెక్క పెట్టలేదు. ఈ వారం పెట్టాను. నాకు తెలిసినంతలోనే పద్నాలుగు మంది. గోడౌన్లు, పెట్రోల్ బంకులు, ఫంక్షన్ హాళ్ళలో వంట పని. పద్నాలుగు సంతకాలతో దరఖాస్తు రాశాం. కటాఫ్ టైం మార్చాలని, ఇప్పటికే పోయిన హాజరు లెక్చరర్ల రిజిస్టర్ చూసి సరిచేయాలని. మొదటి సంతకం ఆ తమ్ముడిది, చివరిది నాది. బుధవారం స్టాఫ్ మీటింగ్. ఏమవుతుందో రాస్తాను. అవ్వకపోయినా రాస్తాను.

మా రూమ్మేట్ ఇప్పుడు బెంగళూరులో ఉంటుంది. నిన్న రాత్రి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నవ్వింది, ఈసారి మంచి నవ్వే. "అయితే అక్కా, నువ్వు కూడా హెచ్‌ఓడీ అయిపోయావన్నమాట" అంది. కాసేపాగి, "మళ్ళీ చెప్పావు కదా, పర్లేదు" అంది. తాత కథ ఆ రాత్రి ఆమెకి నేనే చెప్పాను. మర్చిపోలేదు.

విద్యార్థి మిత్రులారా, మీ కాలేజీలో ఆ అంకె ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఒకసారి ఆఫీసులో అడిగి నాకు రాయండి. మీ పక్కన ఉంటారనుకున్న మేడమ్ ఎవరైనా సిస్టమ్ మాట మాట్లాడితే సరే మేడమ్ అని వెళ్ళిపోకండి. నాతో సహా.

జై భీమ్.